బడి హద్దు గీసిన ఏడాది

అమెరికాలో మన తెలుగువాళ్ల రాజకీయం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, చాలా ఏళ్లపాటు నాకు గుర్తొచ్చింది ఒక్కటే. ఏటా దీపావళికి హైస్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని చేసే పండగలో మధ్యలో పాటలు ఆపించి, ఎన్నికల్లో నిలబడిన ఒక అమెరికన్ పెద్దమనిషిని స్టేజి మీదికి పిలిచేవాళ్లు. ఆయనకు శాలువా కప్పేవాళ్లు. ఆయన నమస్తే చెప్పి, మా కష్టపడే గుణాన్నీ మా పిల్లల చదువునూ మా వంటల్నీ మెచ్చుకునేవాడు. సంఘం పెద్దలు పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఆయన వెళ్లిపోగానే పాటలు మళ్లీ మొదలయ్యేవి. మాలో సగం మందికి ఓటు లేదు. ఉన్నవాళ్లలో చాలామంది ప్రెసిడెంట్ ఎన్నికకు తప్ప ఇంకదేనికీ గడప దాటేవాళ్లు కాదు.

నాకు రాజకీయం తెలిసింది మా పిల్లల బడి దగ్గర.

మేము వర్జీనియాకు 2001 మొదట్లో వచ్చాం. అంతకుముందు ఒంగోలులో నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. వెనక బెంచీల దాకా వినపడేలా మాట్లాడటం అక్కడే అలవాటైంది. ఇక్కడికి మావారి వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మేము దిగిన ఆష్‌బర్న్ ఊరు అప్పటికి ఇంకా సగం పొలాలే. డేటా సెంటర్లు అక్కడొకటి, ఇక్కడొకటి లేస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్లలో ఏ మెట్లు ఎక్కినా ఒక తెలుగు గుమ్మం తగిలేది. ఇంటికి ఒకటే కారు. పొద్దున్నే మగవాళ్లు దాన్ని తీసుకుని వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆడవాళ్లకు కాళ్లే దిక్కు.

ఆ సెప్టెంబర్‌లో విమానాలు కూలినప్పుడు పెంటగాన్ వైపు నుంచి పొగ చూశామని మా కాంప్లెక్స్‌లో కొందరు చెప్పారు. తర్వాతి వారాల్లో బాల్కనీలన్నిటికీ జెండాలు వచ్చాయి. మేమూ ఒకటి కట్టాం. ఒకరోజు బడి దారిలో ట్రక్కులో వెళ్తున్నవాడొకడు అద్దం దించి, మాలో ఒకావిడను మీ దేశానికి పొమ్మని అరిచాడు. మర్నాటి నుంచి తల్లులందరూ గుంపుగా నడవడం మొదలుపెట్టారు. భయం తగ్గాక కూడా ఆ గుంపు నడక ఆగలేదు. ఎవరి కాంట్రాక్టు పోయింది, ఏ పిల్లల డాక్టర్ మంచిది, డ్రైవింగ్ టెస్ట్‌లో ఎక్కడ ఫెయిల్ చేస్తారు, ఇవన్నీ ఆ దారిలోనే తెలిసేవి. మరుసటి ఏడాది మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరింది. దాని చేయి పట్టుకుని నేనూ రోజూ ఆ దారినే నడిచాను.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా పై అంతస్తులో ఉండే ఒకాయన. కరీంనగర్ మనిషి, నెట్‌వర్క్ ఇంజినీర్. నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అని పిలిచేవాడు. చర్చి పార్కింగ్ లాట్‌లో తన కారిచ్చి నేర్పించాడు. నేను చెత్త డబ్బాను గుద్దితే ఏమీ అనకుండా దిగి, డబ్బా నిలబెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. రోడ్డుకు అవతల కొత్తగా ఇళ్లు కడుతుంటే ముందు ఆయన కొన్నాడు, రెండేళ్లకు మేమూ అదే వీధిలో కొన్నాం. మా సామాన్లన్నీ ఆయనే దగ్గరుండి మోయించాడు. 2009లో ఆయన ఉద్యోగం పోయింది. ఇల్లు అద్దెకిచ్చి, కుటుంబాన్ని తీసుకుని ఒహాయో వెళ్లాడు, అక్కణ్నుంచి న్యూజెర్సీ. చివరికి మళ్లీ ఆష్‌బర్న్‌లోనే ఉద్యోగం దొరికి సొంత ఇంటికి తిరిగొచ్చాడు. ఆయన చిన్నమ్మాయి, మా అబ్బాయి ఒకే క్లాసు. రెండు ఊళ్లు మారి వచ్చిన ఆ పిల్ల మొదటి ఏడాది ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇంకెప్పుడూ నిన్ను బడి మార్చనని దానికి మాటిచ్చానని ఆయన నాతో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆలోపు మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. నేను ఒక డెంటిస్ట్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగంలో చేరాను. రోజంతా ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్లు చేసి, కుదరదన్నదాన్ని ఎందుకు కుదరదో అడిగి తెలుసుకోవడమే నా పని. ఒంగోలు గొంతు అక్కడ బాగా పనికొచ్చింది. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన కొన్నాళ్లకే ఈ గొడవ మొదలైంది.

మా బడి కిక్కిరిసిపోయింది. ఆటస్థలంలో చక్రాల మీద తెచ్చిన ట్రైలర్ గదులు పెట్టి వాటిలో క్లాసులు నడిపేవాళ్లు. డేటా సెంటర్ల కోసం వచ్చినవాళ్ల పిల్లలే అందులో సగం. ఊరికి దూరంగా ఇంకో బడి కట్టారు. ఏ ఇళ్ల పిల్లలు అక్కడికి వెళ్లాలో మన జిల్లాలాంటి కౌంటీకి ఎన్నికైన స్కూల్ బోర్డు తేల్చాలి. ముందుగా రెండు మ్యాపులు బయటపెట్టారు. ఒక మ్యాప్‌లో మేము ఒకప్పుడు ఉన్న అపార్ట్‌మెంట్ల పిల్లలు కొత్త బడికి వెళ్తారు. రెండోదాంట్లో మా ఇళ్ల కాలనీలో సగం వీధులు వెళ్తాయి. మేమూ, అన్నవాళ్లూ ఉన్న వీధి ఆ సగంలోనే ఉంది.

ఆ చలికాలం మా ఊళ్లో తెలుగువాళ్లు ఏ ఇంట్లో కూర్చున్నా రాష్ట్ర విభజన మాటే. ఆ మాట వచ్చినప్పుడు నేనూ అన్నా నవ్వుతూనే వాదించుకునేవాళ్లం. ఆయన ఉద్యమానికి చందాలు పోగు చేసి పంపినవాడు. నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేది గానీ, అది మా స్నేహాన్ని ఏమీ చేయలేదు. మమ్మల్ని విడగొట్టింది బడి హద్దు.

అన్న ఇంటి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టారు. తెల్లవాళ్లు, తెలుగువాళ్లు, ఒక గుజరాతీ కుటుంబం, అందరం మా కాలనీ వాళ్లమే. వదిన మిరపకాయ బజ్జీలు, టీ చేసింది. ఒకాయన పచ్చ టీషర్టులు అచ్చేయించి తెచ్చాడు. మా బడి మాకే ఉండాలని వాటి మీద రాసి ఉంది. ఇళ్ల ధర పడిపోతుందని ఒకరు, బస్సులో అంత దూరం పిల్లలు ఎలా వెళ్తారని ఒకరు మాట్లాడారు. అపార్ట్‌మెంట్లలో వాళ్లు ఎలాగూ ఏడాదికో ఊరు మారతారు, వాళ్లకు ఏ బడైనా ఒకటేనన్నాడు ఒక తెలుగాయన. ఆ మాట విని తల ఊపినవాళ్లలో ఒకప్పుడు నాతో పాటు ఆ దారిలో నడిచినవాళ్లు కూడా ఉన్నారు.

అందరూ వెళ్లాక అన్న నన్ను ఆగమన్నాడు.

"బోర్డు ముందర నువ్వు మాట్లాడాలె చెల్లె," అన్నాడు. "నువ్వు అక్కడ ఉండి వచ్చినదానివి. నువ్వు చెప్తె మనం వాళ్లకు ఎదురు పోతున్నమని ఎవ్వరు అనరు."

ఆలోచించి చెబుతానన్నాను. టీషర్టు మాత్రం చేతిలో పెట్టాడు, తెచ్చుకున్నాను.

క్లినిక్‌కు సెలవున్న రోజున నేను మా అబ్బాయిని నడిపించి తీసుకెళ్లేదాన్ని. ఆ వారం క్రాసింగ్ దగ్గర స్ట్రోలర్‌తో ఒకమ్మాయి నిలబడి ఉంది. బడిలో చాలాసార్లు చూసిన మొహమే. ఖమ్మం నుంచి వచ్చిందట, కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివింది, పాప ఫస్ట్ గ్రేడ్, బాబు స్ట్రోలర్‌లో. నాలాగే భర్త వీసా మీద వచ్చి అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. బడి ముందు పచ్చ టీషర్టులు వేసుకున్న వాళ్లను చూసి, "ఏందక్కా అది, ఏమన్నా ఫండ్‌రైజరా?" అని అడిగింది.

నేను మ్యాపుల సంగతి చెప్పాను. ఆమెకు ఏమీ తెలియదు. బడి నుంచి ఈమెయిల్ వచ్చిందట గానీ, బౌండరీ అని ఉంటే ఏదో స్థలం గొడవ అనుకుని వదిలేసింది. పక్కన నడుస్తున్న ఇద్దరు ముగ్గురు తల్లుల్ని అడిగాను. వాళ్లకూ తెలియదు. వాళ్లంతా అక్కడే ఆగిపోయారు.

"అంత దూరమైతే ఎట్లక్కా," అంది ఆ అమ్మాయి. "పోయిన నెల పాపకు జ్వరమొచ్చిందని బడి నర్స్ ఫోన్ చేస్తే, వీడిని స్ట్రోలర్‌లో వేసుకుని పరిగెత్తుకుంటా పోయిన. మా ఆయన రెస్టన్‌లో పని చేస్తడు, కారు ఆయన దగ్గరే. ఆ బడి నుంచి ఫోనొస్తే నేనేం చెయ్యాలె?"

మ్యాప్ తేల్చే ముందు బోర్డు జనం మాట వింటుంది, వచ్చి ఆ మాటే చెప్పమన్నాను. ఆమె నవ్వింది. "మేం వోటర్లం కాదు కదక్కా. మా మాట ఎవరు వింటరు?"

వింటారో లేదో నిజంగా నాకూ తెలియదు. ఇంటికొచ్చి స్కూల్ బోర్డు ఆఫీస్‌కు ఫోన్ చేశాను. ఎత్తినావిడ చాలా మామూలుగా చెప్పింది. మాట్లాడాలంటే ముందుగా పేరు ఇస్తే చాలట. మేము సిటిజన్‌షిప్ అడగం, కౌంటీలో ఉంటున్నారా లేదా అన్నదే అడుగుతామంది. మీరు ఎన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నారని అడిగాను. నేను చేరినప్పటి నుంచీ ఇంతేనని నవ్వింది. పన్నెండేళ్లుగా ఈ కౌంటీలో ఉంటున్నాను. ఇది ఎవరూ మాకు చెప్పలేదు, మేము అడగనూ లేదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. భర్త ఒప్పుకోలేదు. మర్యాదగానే మాట్లాడాడు గానీ, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నప్పుడు లేనిపోని రిస్క్ ఎందుకండీ అన్నాడు. ఆ భయాన్ని నేను తీసిపారేయలేకపోయాను. మావారికీ అన్నేళ్లూ అదే భయం ఉండేది. మర్నాడు ఆయన ఇంట్లో ఉన్నప్పుడు వెళ్లి బోర్డు ఆఫీస్‌కు స్పీకర్ ఫోన్‌లో మళ్లీ కలిపాను. ఆయనే అడిగాడు, వీసా మీద ఉన్నవాళ్లు మాట్లాడితే ఇమిగ్రేషన్‌కు ఏమైనా పంపిస్తారా అని. అవతలావిడకు ఆ ప్రశ్న అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది. అలాంటిదేమీ లేదు సార్, మేము బడుల సంగతే చూస్తామంది. అప్పుడు ఆయన భార్య వైపు తిరిగి, సరే నీ ఇష్టం అన్నాడు.

ఇక మిగిలింది అన్నతో చెప్పడం. దాచి చేసే పని కాదని నాకు తెలుసు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన గరాజ్‌లో కూతురి సైకిల్ బాగుచేస్తున్నాడు.

"అన్నా, నేను మాట్లాడతాను. కానీ మీరడిగినట్టు కాదు," అన్నాను. "అపార్ట్‌మెంట్ల పిల్లల్ని అక్కడే ఉంచమని అడుగుతాను. అక్కడి తల్లులు కూడా వస్తున్నారు."

ఆయన చేతిలో పని ఆపలేదు. "అంటే మన పిల్లల్ని పంపమంటవా?"

"మనకు రెండేసి కార్లు ఉన్నాయి. వాళ్లకు లేవు."

"నేనూ ఒక్క కారుతోనే బతికిన చెల్లె అక్కడ. కష్టపడి ఇటు దిక్కు వచ్చిన. ఇల్లు కొన్నదే ఈ బడి కోసం. నా బిడ్డకు ఏం చెప్పాలె?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. మీరు వచ్చి మీ అమ్మాయి సంగతి బోర్డుకు చెప్పండి, అదీ వినాల్సిందేనన్నాను. ఆయన మళ్లీ సైకిల్ చైన్ మీదికి వంగాడు. వదిన లోపల్నుంచి టీ తెచ్చేసరికి నేను బయటికి వచ్చేశాను.

అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మేము ప్రాక్టీస్ చేశాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఇస్తారు. అక్కడున్న మైక్రోవేవ్‌లో టైమ్ పెట్టి మాట్లాడించాను. మొదట్లో అందరూ సభకు నమస్కారంలా మొదలుపెట్టి, దేశాన్ని పొగడ్డానికే సగం సమయం అయిపోగొట్టేవాళ్లు. పొగడ్తలొద్దు, మీ పిల్ల పేరుతో మొదలుపెట్టండి అన్నాను. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి వచ్చి వాళ్ల ఇంగ్లిష్ దిద్దింది. ఇంటికొచ్చేటప్పుడు కారులో, "అమ్మా, మన స్ట్రీట్ మూవ్ అయితే తమ్ముడు నీ మీద సో మ్యాడ్ అవుతాడు, నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "ఓకే, జస్ట్ చెకింగ్," అని రేడియో పెట్టుకుంది.

బోర్డు జనం మాట వినే రోజున హాలంతా పచ్చ టీషర్టులే. అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్లు వెనక రెండు వరసల్లో, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను వాళ్ల పక్కన కూర్చున్నాను. నా వీధివాళ్లు వెనక్కి తిరిగి చూసి మళ్లీ ముందుకు తిరిగారు.

అన్న ముందుగా మాట్లాడాడు. ఇళ్ల ధరల మాట ఎత్తలేదు. తన కూతురు మూడు బడులు మారిందనీ, ఇక మార్చనని మాటిచ్చాననీ చెప్పాడు. చప్పట్లు కొట్టవద్దని ముందే చెప్పారు గానీ, ఎవరో కొట్టారు. నాక్కూడా కొట్టాలనిపించింది.

ఖమ్మం అమ్మాయి మైక్ దగ్గరికి వెళ్లేసరికి చంకలో పిల్లాడు ఏడుపు. వాడిని దించకుండానే మాట్లాడింది. కాగితం తెచ్చుకుంది గానీ చూడలేదు. నాకు చెప్పిన జ్వరం సంగతే చెప్పింది. ఫోన్ వచ్చిన క్షణం నుంచి పాప దగ్గరికి చేరేదాకా దారిలో ఏమేం ఉంటాయో, ఎక్కడ సిగ్నల్ దాటాలో వివరంగా చెప్పింది. ఆపైన, "మాకు వోట్ లేదు, కార్ లేదు, పని చేసే పర్మిట్ లేదు. బడికి నడిచే దారి ఒక్కటి ఉంది. అది ఉంచండి," అని ఇంగ్లిష్‌లో చెప్పి వచ్చేసింది.

బోర్డులో ఒకావిడ మ్యాపులు తయారు చేసిన అధికారి వైపు తిరిగి, ఈ అపార్ట్‌మెంట్ల నుంచి ఎంతమంది పిల్లలు నడిచి వస్తున్నారని అడిగింది. ఆయన కాగితాలు తిరగేశాడు. బస్సు ఎక్కేవాళ్ల లెక్క ఉంది, నడిచేవాళ్ల లెక్క లేదన్నాడు. అయితే తర్వాతి సమావేశానికి అది తెమ్మని ఆవిడ చెప్పింది. నడిచే పిల్లల లెక్క తేలితే మ్యాప్ అపార్ట్‌మెంట్ల వైపు తిరుగుతుందని నాకు అప్పుడే అర్థమైంది. నా వంతు వచ్చినప్పుడు నేను ఎక్కువ మాట్లాడలేదు. నా వీధి పేరు చెప్పాను. ఎవరో ఒకరు వెళ్లక తప్పకపోతే మమ్మల్ని పంపండి, మేము వెళ్లి పిల్లల్ని తెచ్చుకోగలం అన్నాను. ముందు మా వీధివాళ్ల వరసల్లో గుసగుసలు వినిపించాయి. వినిపించుకోలేదు.

తర్వాతి సమావేశంలో నడిచేవాళ్ల లెక్క బయటపెట్టాక బోర్డు సభ్యులు ఓటు వేశారు. అపార్ట్‌మెంట్ల పిల్లలు ఉన్నచోటే ఉండిపోయారు. మా కాలనీలో సగం వీధులు కొత్త బడికి వెళ్లాయి. మా అబ్బాయి రెండు రోజులు నాతో అన్నం దగ్గర తప్ప మాట్లాడలేదు.

అన్న అసలే మాట్లాడలేదు. జూన్‌లో తెలంగాణ వచ్చిన రోజున ఊళ్లో తెలిసిన ప్రతి ఇంటికీ ఆయనే వెళ్లి స్వీట్లు పంచాడు. మా ఇంటికి మాత్రం కూతురితో పంపాడు. ఆ ఏడాది వాళ్లింట్లో బతుకమ్మకు నాకు పిలుపు రాలేదు. రాష్ట్రం విడిపోయిందని మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశామని ఊళ్లో చెప్పుకున్నారు. ఒక పెద్దావిడైతే ఫోన్ చేసి, అక్కడి గొడవలు ఇక్కడ మనకెందుకమ్మా అని నాకు బుద్ధి చెప్పింది. మా గొడవ ఇక్కడి బడి గురించేనండీ అంటే ఆవిడ నమ్మలేదు.

అయితే మా ఇద్దరి పిల్లలకూ కొత్త బడి బస్సు ఒకే స్టాప్‌లో ఆగేది. రోజూ పొద్దున్నే ఆయనా నేనూ చెరో మూల నిలబడేవాళ్లం. పిల్లలు మాత్రం మధ్యలో ఆడుకునేవాళ్లు. ఆయన కూతురు కొత్త బడిలో మొదటి వారాలు ఏడ్చిందని వదిన వేరేవాళ్లతో అంటే నాకు తెలిసింది. అది విని నాకు కష్టమైంది. చేసింది తప్పనిపించలేదు గానీ, తేలిగ్గా మాత్రం లేదు. మంచు మొదలైన రోజుల్లో ఒక పొద్దున బస్సు ఎంతకీ రాలేదు. పిల్లలు వణికిపోతుంటే ఆయన తన కారు తెచ్చి, హీటర్ వేసి, వాళ్లందరినీ ఎక్కించాడు. నేను బయటే నిలబడ్డాను.

"నువ్వు గూడ కూసో, చలి పెడ్తున్నది," అన్నాడు.

కూర్చున్నాను. ఆయన హీటర్ ఇంకాస్త పెంచి, "ఇంకోసారి గిట్లాంటిది చేసేటప్పుడు ముందుగాల నాకు చెప్పు," అన్నాడు.

"ముందే చెప్పాను కదన్నా. గరాజ్‌లో."

"చెప్పినవ్," అని అద్దం తుడుచుకున్నాడు. "నాకే వినబుద్ధి కాలె."

వెనక సీట్లో పిల్లలు ఏదో ఆటలో అరుస్తున్నారు. వాళ్లలో ఆయన కూతురి గొంతే గట్టిగా ఉంది. ఆయన కూడా ఆ గొంతు విని ముందున్న చిన్న అద్దంలోంచి వెనక్కి చూశాడు.

2015లో భర్తల వీసా మీద వచ్చినవాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. ఖమ్మం అమ్మాయికి ఒక డేటా సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. ఆ శరత్కాలం స్కూల్ బోర్డు ఎన్నికలు. తనకు ఓటు లేకపోయినా, నిలబడిన అభ్యర్థులందరినీ క్లబ్‌హౌస్‌కు పిలిపించింది. స్టేజి లేదు, కుర్చీలు గుండ్రంగా వేసింది. పిల్లలు నడిచే దారిలో మంచు ఎవరు తీస్తారని మొదటి ప్రశ్న తనే అడిగింది. బస్సులు ఎందుకు ఆలస్యమవుతున్నాయని అన్న అడిగాడు. ఒక అభ్యర్థి మా వంటల్ని పొగడబోతే, టైమ్ తక్కువ ఉంది సర్, బస్సుల సంగతి చెప్పండని ఆ అమ్మాయి ఆపింది.

ఆ ఎన్నికలో నేను పోలింగ్ బూత్‌కు క్లినిక్ తెరవకముందే వెళ్లాను. బ్యాలట్ మీద పెద్ద పదవుల పేర్లు పైన ఉన్నాయి. నేను ముందు కిందికి చూసి స్కూల్ బోర్డు వరస వెతుక్కున్నాను. ఆ పేర్లున్నవాళ్లందరూ నాకు తెలుసు. ఎవరు ఏ ప్రశ్నకు ఏం చెప్పారో తెలుసు. పేరు పక్కన సున్నా నింపడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని పడలేదు.

మరుసటి వారమే కౌంటీ నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ ఇంకో బడి కడుతున్నారట, హద్దుల కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చుంటారా అని అడిగారు. ఎన్నింటికి రావాలో చెప్పండన్నాను.